వన్స్‌మోర్ కింద నలిగిన వ్యంగ్యం

వస్తువు అభ్యుదయకరమైతే నాటకమూ అభ్యుదయకరమేనని మనలో చాలామంది నమ్ముతున్నారు. పాడే నాటకం విషయంలో ఈ నమ్మకం నిలవదు. మాటకున్న వాడిని రాగం మొద్దుబార్చగలదు.

కాళ్ళకూరి నారాయణరావుగారి ‘వరవిక్రయం’ చూడండి. 1920ల నాటి ఈ నాటకంలో పురుషోత్తమరావు జాతీయోద్యమం కోసం ఉద్యోగం వదులుకున్నవాడు. దేశానికి స్వరాజ్యం కోరే ఆ ఇంటికే వరుడి బేరం నడిచి వచ్చింది. కాళింది ప్రాణం తీసుకుంది. చెల్లెలు కమల మాత్రం సంతను సంత భాషలోనే ఎదిరించింది: డబ్బిచ్చి కొన్నాం గనుక వరుడు మా సొత్తు, అతడే మా ఇంటికి రావాలి! నవ్వంతా వరుణ్ణి అమ్ముకున్న లింగరాజు మీదే పడింది.

1930లో లైప్‌జిగ్‌లో ప్రదర్శించిన బ్రెహ్ట్, కుర్ట్ వైల్‌ల ఆపెరా ‘మహాగొన్ని’లోనూ తర్కం ఇదే. ఆ భోగనగరంలో హంతకుడు లంచమిచ్చి బయటపడతాడు. తాగిన విస్కీకి డబ్బు చెల్లించలేనివాడికి మరణశిక్ష. సరుకు న్యాయాన్ని చివరి మెట్టుదాకా నడిపించి దాని నిజస్వరూపం చూపడమే ఈ రెండు రచనల బలం.

కాని మన రంగస్థలం మీద ‘వరవిక్రయం’ గతి ఏమైంది? పద్యం చివర రాగం సాగుతుంది. కట్నం పుచ్చుకున్న పెద్దమనిషే ముందు వరుసలో కూచుని ‘వన్స్‌మోర్’ అంటాడు. నటుడు మళ్ళీ పాడతాడు. అధిక్షేపం కూడా ఒక సరుకైపోయింది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. బేరాలూ ఆగలేదు, వన్స్‌మోర్లూ ఆగలేదు. బ్రెహ్ట్‌కూ ఈ దెబ్బ తగిలింది. 1928 నాటి ‘మూడు పైసల ఆపెరా’ పాటలు, అది ఎగతాళి చేసిన వర్గానికే అభిమాన గీతాలయ్యాయి. ఆపెరాను విందులా ఆరగించే అలవాటును ఆయన ఖండించాడు. పాటకూ కథకూ మధ్య ఎడం కోరాడు.

ఆ ఎడం మనకు కొత్త కాదు. మా నిజాంసాగర్ చుట్టుపట్ల పల్లెలెరిగిన చిందు యక్షగానంలో రాజు దర్పంగా పాడుతుండగా బుడ్డర్‌ఖాన్ అడ్డం వస్తాడు. రాగం తెగుతుంది, ఊరి ముచ్చట జొరబడుతుంది, రాజరికం నవ్వులపాలవుతుంది. చిందు కళాకారులు నిలబెట్టిన ఈ పద్ధతిని మన రచయితలు వట్టి హాస్యగాడి వేషమని తోసేశారు. పాలకవర్గాలేమో ఆ కళను ‘జాతి వారసత్వం’ పేరిట వేదికమీద పదినిమిషాల అలంకారంగా చూపిస్తున్నాయి. బుడ్డర్‌ఖాన్ నోరు విప్పడానికి ఆ పదినిమిషాలు చాలవు.

సంతను అధిక్షేపిస్తూ సంగీత నాటకం రాసేవారు మంచి పాట రాయడంతో ఆగకూడదు. ఆ పాటను ఎక్కడ తెంచాలో కూడా రాయాలి. వన్స్‌మోర్ అనడానికి ప్రేక్షకుడికి నోరు రాని చోటే మన వ్యంగ్యం గురి చేరినట్టు.