మూడో నెలలో సెలవు

గిద్దలూరు వైపు పనిచేసే ఓ కుర్ర టీచరు ఈ వారం పితృత్వ సెలవు పెట్టాడు. కూతురు పుట్టి మూడు నెలలైంది. ‘కాన్పప్పుడు కదయ్యా పెట్టాల్సింది’ అని తోటివాళ్లు నవ్వారట. ‘అప్పుడు పుట్టింట్లో ఉన్నారు సార్, చూసుకోడానికి అందరూ ఉన్నారు. ఇప్పుడు తీసుకొస్తున్నా. ఇక్కడ మేమిద్దరమే’ అన్నాడు నాతో. నాకెంత సంతోషమేసిందో!

ఈ సెలవు గురించి నేనెంత పట్టుదలగా రాస్తానో పాత పాఠకులకు తెలుసు. మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు 2005 నుంచి 15 రోజులుంది. కాన్పైన ఆరు నెలల్లోపు వాడుకోవచ్చు. తొలికాన్పుకు పుట్టింటికి పంపే మన వైపు ఆ వెసులుబాటే అసలు వరం. తల్లీబిడ్డా మూడో నెలలోనో ఐదో నెలలోనో వస్తారు. రాత్రిళ్లు మేలుకునే రెండో మనిషి కావాల్సింది అప్పుడే.

ప్రైవేటు ఉద్యోగికి ఆ మాత్రమూ లేదు. ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి తల్లికి 26 వారాలిచ్చారు, తండ్రికి ఒక్క రోజూ రాయలేదు. రాయాల్సిందే. కానీ అలా అనగానే మార్కాపురం పలకల షెడ్డు ఒకటి నా కళ్ల ముందుకొస్తుంది.

నా చిన్నతనంలో అక్కడ ఒకాయన పలకలు కోసేవాడు. భార్య మిరపచేలకు కూలికెళ్లేది. షెడ్డు వాసానికి పాతచీరతో ఉయ్యాల కట్టి, దాని తాడు కాలి బొటనవేలికి చుట్టుకునేవాడు. చేతులు రాతి మీద, కాలు ఉయ్యాల మీద. బిడ్డ ఏడిస్తే పని ఆపి ఎత్తుకునేవాడు. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు, పలకల లెక్కన కూలి కదా, ఆగితే పోయేది ఆయన డబ్బే. ఆ బిడ్డ కనురెప్పల మీద కూడా రాతి పొడి ఉండేది. ఆ పొడి ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో పలకల పనివాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆయనకు 15 రోజుల సెలవిస్తే ఏం చేసుకుంటాడు? కూలి లేని సెలవంటే పస్తు. యాభై మంది పనిచేసేచోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని అదే 2017 సవరణలో చెప్పారు, పదిమంది షెడ్డుకు అది వర్తించదు. ఉపాధి హామీ పనిలో చిన్నపిల్లలు అయిదుగురుంటే చూసుకోడానికి ఒక మనిషిని పెట్టాలన్నారు. అక్కడా ‘స్త్రీల వెంట వచ్చిన పిల్లలు’ అనే రాశారు.

అందుకే మా వైపు సెలవు కంటే ముందు కావాల్సింది చోటు. నాలుగైదు షెడ్లకు కలిపి, పొడి పడనంత దూరంలో ఒక గది, ఒక ఆయా, పని వదిలే వేళదాకా తెరిచి ఉండే తలుపు. తండ్రి వచ్చి బిడ్డను దింపితే ‘అమ్మ రాలేదా’ అని అడగకుండా పేరు రాసుకోవాలి.