పారిజాతము: వాడని పువ్వు, రాలెడి పువ్వు

నంది తిమ్మన పారిజాతాపహరణమును గూర్చిన చర్చలలో సత్యభామ అలుకకు దక్కిన చోటు పారిజాతమునకు దక్కలేదు. ఏ పువ్వు కొఱకు కలహము పుట్టినదో ఆ పువ్వెట్టిదను ప్రశ్న చిన్నదిగా దోచవచ్చును. కాని కావ్యమునకును, దానిని చదువుకొనిన జనులకును నడుమనున్న యెడము ఈ ప్రశ్నవలననే తెలియునని మా యభిప్రాయము.

కావ్యమునందలి పారిజాతము దేవలోకపు పుష్పము. నారదుడు దానిని శ్రీకృష్ణునకు సమర్పించుచు, వాడనిదని కొనియాడును. అది రుక్మిణికి దక్కుటతో సత్య కోపము రగులుకొనును. మఱునాటికి వాడిపోవు పువ్వే యైనచో ఆ పోరు స్వర్గము దాక పోనక్కఱలేదు.

మన పెరళ్లలో పారిజాతమని పిలువబడు చెట్టు వేఱు. అది సంస్కృతమున శేఫాలిక, తెలుగున పగడమల్లె. అమరకోశము పారిజాతమును దేవతరువులలోను, శేఫాలికను వనౌషధివర్గములోను వేర్వేఱుగా బేర్కొన్నది. లిన్నేయసు 1753లో దీనికి స్థిరపఱచిన శాస్త్రనామమునకు రాత్రి పూచునది, దుఃఖవృక్షము అని యర్థము. తెల్లని రేకులు, పగడపు వన్నె కాడ. మునిమాపున విచ్చి, తెల్లవాఱునప్పటికి రాలిపోవును. ఇది మెండుగా పూచునది శరత్తున. మంచు పడనారంభింపగా వాకిటి మంచములు వసారాకు చేరు దినములవి. వసారాలో పండుకొనినవారికి చీకటిలో చెట్టు కనబడదు. పరిమళమే దాని యునికిని దెలుపును. వేకువను లేచి చూడగా కొమ్మలు బోసిపోయి, నేలయంతయు తెల్లనై యుండును. అట్టి రాత్రుల నెఱిగినవారి జ్ఞాపకమున పారిజాతమనగా రాలిన పువ్వే. నేలరాలిన పువ్వు పూజకు తగదను నియమమునుండి దీనికి మినహాయింపు గలుగుటయు ఇందులకు దగియున్నది.

ఇక జనశ్రుతిని జూడుడు. చెట్టును సత్య పెరట నాటిరట. పూలు మాత్రము రుక్మిణి వాకిట రాలెనట. ఈ ముగింపు తిమ్మనది కాదు. ఆయన కావ్యమున కథ పుణ్యకవ్రతముతో సత్య సౌభాగ్యమును నిండించును. వాడని పువ్వు ధరించినవారి తలపై నిలుచును. రాలెడి పువ్వు ఎవరి వాకిట పడునో అది చెట్టు గలవారి వశము గాదు. ప్రతి వేకువను ఆ రాలుటను చూచినవారే ఇట్టి కథను అల్లగలరు.

రెండు చెట్లను ఒకటిగా భ్రమించిన పామరత్వమని దీనిని త్రోసివేయువారితో మేము ఏకీభవింపము. వృక్షశాస్త్రమున అది పొరపాటే. కాని చెట్టును సంపాదించినంత మాత్రమున ప్రేమను సంపాదింపలేమను తీర్పు అందు గలదు. తిమ్మన పట్టమహిషుల కథపై జనులు వ్రాసికొనిన వ్యాఖ్య యది. అట్లని ఆ తీర్పును తిమ్మనకు అంటగట్టుటయు న్యాయము గాదు. ఆయన సత్యను గెలిపించినాడు; జనులు రుక్మిణిని మఱవలేదు.

వసారా నిద్ర యెఱుగని విద్యార్థులు నేడు పెక్కురు. వారికి పాఠము చెప్పునపుడు పారిజాతమునకు "ఒక పుష్పవిశేషము" అని యర్థము వ్రాసి ఊరకుండుట చాలదు. వాడని పువ్వును, రాలెడి పువ్వును రెంటిని జూపి, ఏది కావ్యమునదో, ఏది జనులదో తేటపఱుపవలెను.