బుల్లెట్ హెడ్డు మీద పనితనం

పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ 350కి హెడ్డు దించడం పెద్ద విద్యేమీ కాదు. స్పానర్ పట్టడం వచ్చిన కుర్రాడెవడైనా దించేస్తాడు. మెకానిక్ సత్తా తెలిసేది హెడ్డు బల్ల మీదికి చేరాకే.

346 సీసీ ఇంజన్, ఒకే సిలిండరు, రెండే వాల్వులు. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు 1500 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. తెరిచేది రాకర్, మూసేది స్ప్రింగు. ఒకదానిలో ఒకటి ఇమిడిన ఆ జంట స్ప్రింగుల్ని పట్టి ఉంచేవి రెండు చిన్న లాకు ముక్కలు. ఏళ్ల తరబడి కదలక అవి స్ప్రింగుల మీది క్యాపుకి కరుచుకుపోతాయి. తెలిసినవాడు స్ప్రింగు కంప్రెసర్ కొద్దిగా బిగించి, క్యాపు మీద చిన్న దెబ్బ వేస్తాడు. టక్కున వదులుతాయి.

నాకు ముచ్చటేసేది ఆ తర్వాతి పని. వాల్వును వెంటనే లాగడు. లాకులు కూర్చునే గాడి అంచుల్ని గోటితో తడుముతాడు. ఎక్కడైనా ఇనుము ముల్లులా లేచి ఉంటే సన్నరాయితో రుద్ది, నునుపయ్యాకే గైడులోంచి జారనిస్తాడు. అలాగే లాగితే ఆ ముల్లు గైడును లోపలంతా గీసేస్తుంది. అర నిమిషం పని, బిల్లులో మాత్రం ఎక్కడా కనబడదు!

ఇక ఎగ్జాస్ట్ వాల్వు. మూసుకున్నప్పుడు దాని వేడి చాలావరకు సీటు గుండానే హెడ్డులోకి దిగాలి. అందుకే మసి గీకి, సీటుకు ఆనే అంచును వెలుతురుకు పట్టి చుట్టూ తిప్పి చూస్తాడు. ఒకచోట ఆ అంచుకు అడ్డంగా నల్లటి చార కనబడితే అక్కడ మంట కారుతోందన్నమాట. గుంటలు లోతుగా పడితే గ్రైండింగ్ పేస్టు పెట్టి రుద్దడం దండగ, మిషన్ మీద పట్టించాలి లేదా కొత్తది వెయ్యాలి. పైపైన ఉంటే పేస్టు రాసి, కర్రతో అటూ ఇటూ తిప్పుతూ, మధ్యమధ్య లేపి చోటు మారుస్తాడు. బూడిదరంగు వలయం సన్నగా, ఎక్కడా తెగకుండా రావాలి. తర్వాత పేస్టు రవ్వ కూడా మిగలకుండా కడగాలి.

స్ప్రింగు చూపుకు ఎప్పుడూ బాగానే ఉంటుంది. అద్దం మీద కొత్తదాని పక్కన నిలబెడితే గానీ కుంగిన సంగతి బయటపడదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ హెడ్డుకైనా పద్ధతి ఇదే.

మీ బండికి హెడ్డు పని చేయిస్తుంటే, ఎక్కించేముందు పోర్టులో కాస్త కిరసనాయిలు పోసి చూపించమనండి. వాల్వు అంచున చెమ్మ కనబడితే డబ్బులివ్వకండి.