గ్రామచరిత్రమునకు మువ్వురు సాక్షులు

ఈ నడుమ తెలుగునాట “మా ఊరి చరిత్రము” అనదగిన పుస్తకములు తఱచుగా వెలువడుచున్నవి. ఉద్యోగమునుండి విశ్రాంతి పొందిన యుపాధ్యాయులును, దూరదేశములలో స్థిరపడిన కుమాళ్లును పుట్టినయూరిపై మక్కువచేత సొంతధనము వెచ్చించి వీనిని అచ్చొత్తించుచున్నారు. ఇది శుభలక్షణమే. రాజుల యుద్ధములు తప్ప చరిత్రమే లేదనుకొన్న మనము, మన వీథియు మన చెఱువును చరిత్రమునకు తగినవే యని గుర్తించుట సామాన్యమైన మార్పు కాదు. అయితే మా చేతికి వచ్చినవానిని చదివి చూడగా, వానిలో ప్రేమ యెంత గలదో విచారణ యంత లేదని తోచినది. పొగడుటకు గ్రంథకర్తల బంధుమిత్రులు కలరు గనుక, మేము లోపములను గూర్చియే చెప్పుదుము.

ఈ పుస్తకముల కన్నిటికి నించుమించుగా ఒకటే యచ్చు. మొదటి ప్రకరణమున ఏదో యొక మహర్షి ఆ యూర తపస్సు చేయును. రెండవదానిలో దేవాలయము, మూడవదానిలో పెద్దకుటుంబముల వంశవృక్షములు. నడుమ ఒక పాతపటము. దానిలోని యంకెలను చదువుటకు భూతద్దము కావలెను. తరువాత కొన్ని ఛాయాచిత్రములు; తీసిన దెవరో, ఏ సంవత్సరమున తీసిరో తెలియదు. కడపట గ్రంథకర్త తన బాల్యమును తలచుకొని “ఆ దినములే వేఱు” అని నిట్టూర్చును. పటము, ఛాయాచిత్రము, బాల్యస్మృతి యను నీ మూడును పుస్తకమునకు తోరణములుగా కట్టబడినవే గాని, సాక్షులుగా పిలువబడలేదు. సాక్షిని బోనులో నిలిపి యూరకున్నచో ప్రయోజనమేమి? నిన్నెవరు పంపిరి, నీవేమి చూచితివి, ఏమి చూడలేదు అని యడుగవలెను గదా.

అడిగినచో వారు ఏమి చెప్పుదురో అమరావతి విషయమున చూడవచ్చును. కృష్ణయొడ్డున, ధరణికోట ప్రక్కన నుండిన పెద్దదిబ్బను ఆ ప్రాంతపువారు దీపాలదిన్నె యనెడివారు. పదునెనిమిదవ శతాబ్దాంతమున వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు చింతపల్లిని విడిచి యచట క్రొత్తపట్టణము కట్టించునపుడు ఇటుకలకును రాళ్లకును ఆ దిబ్బను త్రవ్విరి. లోపల బౌద్ధస్తూపము బయటపడెను. కాలిన్ మెకంజీ దొర 1797లో ఆ వార్త విని చూచిపోయెను; మరల 1816లో పరివారముతో వచ్చి కొలతలు తీయించి శిల్పములను చిత్రింపించెను. ఈ రెండు రాకలకు నడుమ దిబ్బ మధ్యభాగమును త్రవ్వి చెఱువుగా మార్చియుండిరి. కావున మెకంజీ పటము నిండుస్తూపమునకు పటము కాదు. నడుమ గుంటయు, చుట్టును మిగిలిన రాళ్లును గల చోటునకు పటము. పాతపటము కనబడినంతనే “పూర్వమిట్లుండెను” అని వ్రాయువారు ఈ సంగతి మనసున నుంచుకొనవలెను. అది పూర్వమును గాక, పటము గీచిన దినమును చూపును.

1845లో వాల్టరు ఎలియట్ దొర త్రవ్వించిన పలకలు మద్రాసునకు పోయి యేండ్ల తరబడి ఆరుబయట పడియుండెను. 1858లో లిన్నేయస్ ట్రైప్ అనునాతడు అచ్చటనే వానికి ఛాయాచిత్రములు తీసెను. మఱుసటి సంవత్సరము ఆ రాళ్లు ఓడనెక్కి ఇంగ్లండునకు తరలినవి. ఆ బొమ్మలలో చెక్కడపు పని స్పష్టముగానే కానవచ్చును. అయినను అవి అమరావతి రాళ్లేగాని అమరావతి కాదు. ఏ పలక ఏ దిక్కున నుండెనో, దాని ప్రక్కన నేమి యుండెనో తెలియవలెనన్నచో మెకంజీ కొలతల యొద్దకు పోవలెను. ఆ రెండింటిలోను లేనిది మూడవ సాక్షి చెప్పవలెను. ఏ బండిమీద ఏ రాయి ఏ గోడలోనికి పోయెనో, శివగంగ చెఱువు మెట్లలో చేరినవి యెట్లు చేరెనో, అది ఆ యూరివారి నోటనుండి రావలసినదే. మెకంజీ అట్టివారిని కొంతవఱకు అడిగినాడు. దీపాలదిన్నె యను పేరు మనకు మిగిలినదన్నచో అందుకు కారణము ఆ పేరును విని వ్రాసికొన్న చెవియే.

ఆ చెవి మన తెలుగువారిది. ఏలూరికి చెందిన కావలి వేంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి యను సోదరులు మెకంజీకి కుడిభుజములై గ్రామ గ్రామమునను వృత్తాంతములను సేకరించిరి, సేకరింపించిరి. అవియే కైఫియత్తులు. మన గ్రామచరిత్రకారులు కైఫియత్తు దొరకినచో నిధి దొరకినట్లు పొంగిపోయి యథాతథముగ దించుకొనుచున్నారు. నిధియే, కాదనుట లేదు. 1803లో యౌవనముననే గతించిన బొఱ్ఱయ్యను తలచుకొనని గ్రామచరిత్రము కృతఘ్నమైనదని కూడ మేమనుకొందుము. కాని కైఫియత్తులో మాటలాడువాడెవడు? చాలచోట్ల దండకవిలెను ముందుంచుకొన్న కరణము. అతడు సరిహద్దులను, మాన్యములను, అగ్రహారములను, దేవుని భూములను పూసగ్రుచ్చినట్లు చెప్పును. ఆ భూమిని దున్నిన వాని పేరును చెప్పవలసిన యవసర మతనికి రాలేదు. అడిగినవారును ఆ ప్రశ్న వేయలేదు.

తరువాతి కాలపు సర్వేపటములలో ఈ మౌనము ఇంకను స్పష్టముగా కనబడును. చెన్నపట్టణపు రాజధానిలో గ్రామపటములను మైలునకు 16 అంగుళముల చొప్పున గీచిరి. ప్రతి పొలమునకు నంబరు, ప్రతి గట్టునకు కొలత, పుంతయు వాగును చెఱువును శ్మశానమును వేఱువేఱు గుర్తులు. ఎంత ముచ్చటయైన పని! అయితే ఊరి నడుమకు వచ్చుసరికి గ్రామకంఠమని వ్రాసి ఒక గీతచుట్టి విడిచిపెట్టిరి. వేయిమంది కాపురముండు చోటు పటములో తెల్లకాగితము. సర్కారునకు శిస్తు వచ్చునది పొలమునుండి గాని పెరటిలోని తులసికోటనుండి కాదు గదా. శిస్తుకొఱకు గీచిన పటము శిస్తునే చూచినది. దానిని నిందింపనక్కఱలేదు, కాని దానిని ముందుంచుకొని “ఇదియే మా ఊరు” అనువారిని మాత్రము నిందింపవలసియున్నది. ఆ తెల్లచోటిలో ఏ వీథి యెవరిదో, పల్లె యే దిక్కునకు నెట్టబడెనో, అక్కడినుండి బడికి త్రోవ యుండెనో లేదో వ్రాయుటకే గదా గ్రామచరిత్రకారుడు కలము పట్టినది!

ఛాయాచిత్రమును అందఱును నమ్ముదురు. యంత్రము అబద్ధమాడదందురు. ఆడదు, ఎదుట నిలిపినదానినే చూపును, నిలిపిన వాడు వేఱొకడు. తొలినాళ్ల పలకలకు వెలుతురు చాలసేపు కావలసియుండెను గనుక, కదలుచున్న మనుష్యులు వానిమీద నిలువలేదు. ఆ కారణముచేతనే పాతబొమ్మలలోని బజారులు కొన్ని నిర్మానుష్యముగా కనబడును. దానిని చూచి ఆ కాలమున ఊళ్లు ప్రశాంతముగా నుండెననుట హాస్యాస్పదము. స్త్రీల సంగతి మఱియు వింత. ఘోషా పాటించు కుటుంబముల స్త్రీలకొఱకు లాలా దీనదయాళుగారు 1892లో హైదరాబాదున ప్రత్యేకముగ ఒక జనానా స్టూడియోను తెఱచి, దానిని ఒక ఆంగ్లవనిత చేతికి అప్పగించిరి. అక్కడ తెర ముందు కుర్చీలో కూర్చున్న రాణులు మనకు దొరకుదురు. ఏటినుండి బిందెతో వచ్చు నిల్లాలు దొరకదు. ఊరిపుస్తకములలో అచ్చుపడు గుంపుబొమ్మలలో సైతము పంచాయతీ సభ్యులును, బడిపంతుళ్లును, తలపాగాల పెద్దలును వరుసగా కూర్చుందురు. వారి యిండ్లలోని ఆడవారు ఆ దినమున ఎక్కడ నుండిరో చెప్పువారు లేరు.

అందుచేత బాల్యస్మృతి మనకు అత్యావశ్యకమైన సాక్షి. అది మిక్కిలి చిక్కైన సాక్షియు అగును. పసివాని కంటికి గుంట సముద్రము, అరుగు కొండ. దూరములు పెరుగును, పండ్లు తియ్యనగును, మరణించిన తాతగారు మంచివారగుదురు. అట్లని దానిని త్రోసివేయుటకు వీలులేదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి “అనుభవాలూ జ్ఞాపకాలూనూ” చదివినవారికి గోదావరీమండలపు వైదిక కుటుంబముల బ్రతుకు ఏ గెజెటీరులోను లేనంత దగ్గరగా కనబడును. జ్ఞాపకము తేదీలలో తడబడునే గాని త్రోవలలో అంతగా తడబడదు. కాళ్లు నడచిన దానిని కాళ్లు మఱవవు. తేదీలకు సహితము ఉపాయము గలదు: మన పెద్దలు కాలమును ఉపద్రవములతో కొలుతురు. 1832–33 నాటి కాటకము నందన కరువు, 1876–78 నాటిది ధాత కరువు. ఇప్పటి వృద్ధులకు 1953 నాటి గోదావరి వఱద, 1977 నవంబరు 19వ తేదీనాటి దివిసీమ ఉప్పెన గడియారములు. “అప్పటికి నీకు పెండ్లియైనదా అమ్మా?” అని యడిగినచో సంవత్సరము దానంతట నదే తేలును.

మేమొక పర్యాయము మా పై తరగతి విద్యార్థులకు గ్రామపటమును చూపి, దానిలో లేనివానిని ఇంటి పెద్దల నడిగి గుర్తించి తెండని చెప్పితిమి. చాలమంది పడిపోయిన చెట్లను, పూడిన బావులను గుర్తించుకొని వచ్చిరి. పల్లెనుండి వచ్చు ఒక బాలిక చెఱువునకు రెండు గీతలు గీచి తెచ్చినది. కారణము తెలియక ఆమె నాయనమ్మను కలిసికొంటిమి. ఆ వృద్ధురాలు, “చెరువొకటే పంతులుగారూ, రేవులే రెండు. పై రేవున మేం దిగకూడదు. కింది రేవున గొడ్లూ మేమూ. ఎండాకాలం కింద బురదైపోతే కుండ పెట్టుకుని గట్టున నిలబడేవాళ్లం, ఎవరన్నా ముంచి పోస్తారేమోనని,” అనెను. పెద్దగోదావరి వచ్చిన యేట, అనగా 1953లో, ఆమెకు పదేండ్లు. ఆ యూరి చరిత్రమని యొక పుస్తకము అచ్చైనది. మా యొద్ద నున్నది. దానిలో “గ్రామస్థులందఱకును ఈ చెఱువు నీరే ఆధారము” అని యొక వాక్యము గలదు. పటమును చూచి వ్రాసినచో ఆ వాక్యము నిజమే. గ్రంథకర్తయు అదే చెఱువున ఈతకొట్టిన వాడు. ఆయన బాల్యస్మృతి పై రేవు వఱకే యున్నది. ఆయన అబద్ధమాడలేదు, రెండవ గట్టుననున్న వారిని అడుగలేదు.

సాక్షులు మువ్వురును కలిసి మాటలాడినచో ఎంత వెలుగు వచ్చునో హైదరాబాదులో చూడవచ్చును. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది జనులను మ్రింగినది. నాటి ఛాయాచిత్రములలో కూలిన యిండ్లును తెగిన వంతెనలును కలవు. ఆ విపత్తు తరువాత లెనార్డు మన్ ఆధ్వర్యమున నగరమును ఇంటింటికి కొలిచి గీచిన పటములు కలవు. గ్రామపటమువలె జనులున్న చోటును తెల్లగా విడువక, బావులను సహితము గుర్తించినవి. ఇక ఉస్మానియా ఆసుపత్రి యావరణములోని చింతచెట్టు గలదు; ఆ రాత్రి దానిపై కెక్కి అనేకులు ప్రాణములు దక్కించుకొనిరని ఆ నగరవాసులు నేటికిని చెప్పుకొందురు. పటము నది యొడ్డును చెప్పును, బొమ్మ నష్టమును చూపును, చెట్టు బ్రతికినవారిని తలపించును. ఏ యొక్కటి లేకున్నను ఆ దినము మనకు సగమే తెలియును.

ఇంతగా చెప్పుటకు తొందర గలదు. నాగార్జునసాగరము నిండుటకు ముందు, 1954 మొదలు 1960 వఱకు, నాగార్జునకొండ లోయను శాస్త్రీయముగా త్రవ్వి, ఇక్ష్వాకుల కట్టడములలో కొన్నిటిని కొండమీదను అనుపునను తిరిగి నిలిపిరి. శ్రీశైలము ఆనకట్ట వచ్చినపుడు కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయికి రాయి విప్పి అలంపురమునకు తరలించిరి. ఇవి మెచ్చవలసిన కార్యములే. అయితే అదే నీటిక్రిందికి పోయిన పదులకొలది ఊళ్ల వీథులను రాతికి రాయిగా నెవరు విప్పి తెచ్చిరి? ఏ మఱ్ఱిక్రింద సంత జరిగెడిదో, ఏ త్రోవను పశువులు దిగెడివో, ఏ రేవున నెవరు నిలువబడెడివారో ఎవరు వ్రాసికొనిరి? గుడికి దొరకిన శ్రద్ధలో పదియవ పాలు గుడిసెకు దొరకలేదు.

ఇప్పుడు పోలవరము. జలాశయపు నిండు నీటిమట్టము 45.72 మీటర్లని నిర్ణయింపబడినది. ఆ గీత పటముమీద నున్నగా వంపులు తిరుగును. నేలమీద దాని లోపల కోయల, కొండరెడ్ల గూడెములు కలవు. దేవీపట్టణపు ప్రాంతమున పెక్కు కుటుంబములు ఇదివఱకే పునరావాస కాలనీలకు పోయినవి. అక్కడి వీథులు తిన్ననివి, ఇండ్లకు అంకెలు గలవు. ఆ యిండ్లలో పుట్టు పిల్లలకు తాతగారి యూరు మునక పట్టికలో నొక పేరు మాత్రమే యగును. ఆ తాత ఇంకను అరుగుమీద కూర్చుండి యున్నాడు. అతని చేతికి పుల్ల యిచ్చి నేలమీద ఊరు గీయుమని చెప్పి, చూచినదానిని కాగితముమీది కెత్తుటకు సర్వే గొలుసు అక్కఱలేదు. ఒక మధ్యాహ్నము చాలును. ముందు ఏరు గీయును, తరువాత కొండ, తరువాత ఇల్లు. నీరెక్కడ పట్టుకొనెడివారు, పురుడెక్కడ పోసెడివారు, ఎవరి వాకిట నిలువరాదనెడివారు, చనిపోయినవారిని ఎక్కడ పెట్టిరి అని ఒక్కొక్కటే యడుగవలెను. ఆ ప్రాంతపు బడులలో పనిచేయు మా వృత్తిసోదరులలో ఎవరైన నట్టి కాగితములు తెచ్చినచో, వానిని దిద్దక, చెప్పినవారి పేరుతోను తేదీతోను ప్రకటింపుమని సంపాదకులను మేమే వేడుకొందుము.