న్యాయపీఠమూ, ఎన్నికల ముహూర్తమూ

మన సాహిత్యంలో కోర్టుకు కొదవ లేదు. గురజాడ "కన్యాశుల్కం"లో వకీళ్లున్నారు, దొంగసాక్షులున్నారు, డిప్టీ కలెక్టరు కచేరీ ఉంది. రావిశాస్త్రి "ఆరు సారా కథలు"లో ప్లీడర్లూ, పోలీసులూ, సాక్షులూ కలిసి నడిపించే వ్యాపారం కళ్లకు కట్టినట్టు ఉంటుంది. చెట్టుకింద ప్లీడరు మొదలు మేజిస్ట్రేటు వరకూ మన రచయితలు ఎరగని మనిషి లేడు. మేజిస్ట్రేటుకు పైన ఎవరున్నారు అనేసరికి మాత్రం మన కలాలు మొహమాటపడతాయి. హైకోర్టు జడ్జీ ఆకాశంనుంచి దిగివచ్చినట్టే కనిపిస్తాడు. ఆయన్ను ఎవరు ఎంచారు, ఎవరు ఖాయపరిచారు, ఏ సమయం చూసి ఖాయపరిచారు అనే ప్రశ్న మన కథకు వస్తువు కావటం అరుదు. మన విమర్శకు విషయం కావటం మరీ అరుదు.

పాలకులకు మాత్రం ఈ ప్రశ్నమీద మొహమాటమేమీ లేదు. ఎన్నికలు దగ్గరపడినకొద్దీ వారి శ్రద్ధ పెరుగుతుంది కూడాను.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల రైతుకు హైకోర్టు ఎన్నడూ దూరపు చుట్టమే. 1954 వరకూ అది మద్రాసులో ఉండేది. ఆ ఏడు జూలై 5న గుంటూరు చేరింది. 1956లో హైదరాబాదుకు పోయింది. 2019 జనవరి 1న అమరావతికి వచ్చింది. ఈ చివరి మార్పుకు రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడినది 2018 డిసెంబరు 26న. రాష్ట్రంలో పోలింగు జరిగినది 2019 ఏప్రిల్ 11న. వకీళ్లకు కాగితాల కట్టలు సర్దుకోవటానికి నిండా వారంరోజులు కూడా దొరకలేదు. ఇక కుప్పంవారి సంగతి చెప్పనే అక్కరలేదు. వారికి బెంగుళూరు హైకోర్టూ, మద్రాసు హైకోర్టూ దగ్గర. తమ సొంత హైకోర్టే దూరం.

ఇంత దూరపు చుట్టంతో మనకేమి పని అనుకోవటానికి వీలులేదు. 2023 ఆగస్టు 4న చంద్రబాబు నాయుడు పర్యటన సందర్భంగా మదనపల్లె దగ్గరి అంగళ్లులోనూ, పుంగనూరులోనూ ఘర్షణలు జరిగాయి. ప్రతిపక్షంవారిమీద పెద్దయెత్తున కేసులు పెట్టారు. అంగళ్లు కేసులో నాయుడికి ముందస్తు బెయిలు దొరికినది ఆ అక్టోబరులో, హైకోర్టులోనే. సాధారణ ఎన్నికలకు అప్పటికి ఏడు నెలలు మాత్రమే ఉన్నాయి. ఎన్నికల ముందు ఎవరు బయట ఉండి ప్రచారం చేస్తారు, ఎవరు లోపల ఉంటారు అనేది హైకోర్టు బెంచిమీద తేలుతున్నది. నాయకుడికి పెద్ద వకీళ్లుంటారు. వెంట నడిచిన కార్యకర్తకు ఉండేది ఆ బెంచిమీది మనిషి నిష్పాక్షికతే. కనుక ఆ మనిషి ఎలా అక్కడికి వచ్చాడో తెలుసుకోవటం మన హక్కు.

రాజ్యాంగం 224వ అధికరణంలో "అదనపు న్యాయమూర్తి" అనే పదవి ఉంది. పేరుకుపోయిన కేసులు తగ్గించటం దాని ఉద్దేశం. గడువు రెండేళ్లకు మించదు. ఆచరణలో ఇది జడ్జీగిరీకి శిక్షణకాలమైపోయింది. రెండేళ్లూ తీర్పులు చెప్పాలి. చివర్లో ఖాయం అవుతాడా, ఇంటికి పోతాడా అనేది మరొకరు తేల్చాలి. ఆ మరొకరే కోర్టులో అతిపెద్ద కక్షిదారు అయితే? మనదేశంలో ప్రభుత్వాన్ని మించిన కక్షిదారు లేదు. పేకాటలో ఆడేవాడే ముక్కలు కూడా పంచుతానంటే మనం ఒప్పుకోము. ఇక్కడ దశాబ్దాలపాటు ఒప్పుకున్నాము.

దాని ఫలితం ఎమర్జెన్సీలో బయటపడింది. పత్రికా రచయిత కులదీప్ నయ్యర్ నిర్బంధం కేసు 1975లో విన్న ఢిల్లీ జడ్జీలిద్దరు. వారు ప్రభుత్వాన్ని తప్పుపట్టారు. వారిలో రంగరాజన్‌ను గౌహతికి పంపారు. అగర్వాల్ అదనపు న్యాయమూర్తి; ఆయన్ను ఖాయపరచకుండా తిరిగి సెషన్సు కోర్టుకు దింపారు. బొంబాయిలో యు.ఆర్. లలిత్‌కూ ఖాయం ఉత్తర్వు రాలేదు. 1976లో పదహారుమంది జడ్జీలను బదిలీ చేశారు. వారిలో ఒకరు గుత్తిలో పుట్టిన ఓ. చిన్నపరెడ్డి, ఆయన్ను హైదరాబాదునుంచి పంజాబ్-హర్యానా హైకోర్టుకు పంపారు.

తరవాత ఎన్నికలు వచ్చాయి. 1977 జనవరి 18న ఇందిరాగాంధీ లోక్‌సభ ఎన్నికలు ప్రకటించింది. పదకొండు రోజులకు, జనవరి 29న, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా బేగ్ పీఠమెక్కాడు. సీనియారిటీ ప్రకారం ఆ పీఠం హెచ్.ఆర్. ఖన్నాకు రావాలి. ఆయన చేసిన నేరం ఒక్కటే. నిర్బంధితుడు కోర్టు తలుపు తట్టే హక్కు ఎమర్జెన్సీలో కూడా పోదని 1976లో ఒంటరిగా తీర్పు రాశాడు. ప్రజల దగ్గరికి ఓటుకు వెళ్లబోతూ పాలకపక్షం ముందుగా సర్దుకున్నది న్యాయపీఠాన్ని. ప్రజల తీర్పుమీద నమ్మకమున్నవారికి ఆ తొందర దేనికి?

ఆ ఎన్నికల్లో ఉత్తరదేశం ఇందిరను ఓడించింది. ఆంధ్రప్రదేశ్ 42 స్థానాల్లో 41 కాంగ్రెసుకే ఇచ్చింది. దీనికి కారణాలు అనేకం, అన్నీ కోర్టుకు సంబంధించినవి కావు. కాని ఒక తెలుగు జడ్జీని దేశం ఆ చివరకు తరిమితే అది తమ స్వేచ్ఛకు సంబంధించిన విషయమని తెలుగు ఓటరుకు చెప్పే పని ఎవరిది? రచయితలదీ, అధ్యాపకులదీ కాదా?

1980 జనవరిలో ఇందిర తిరిగి గెలిచింది. సికిందరాబాదునుంచి ఎన్నికైన పి. శివశంకర్ న్యాయశాఖ మంత్రి అయ్యాడు. ఆయన ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జీ. 1981 మార్చి 18న ఆయన పేర ఒక సర్క్యులరు వెళ్లింది: అదనపు న్యాయమూర్తులు వేరే రాష్ట్రపు హైకోర్టులో ఖాయం కావటానికి సమ్మతి తెలపాలి. అనగా పదవి కావాలంటే ఊరు వదలటానికి సిద్ధపడాలి. ఆ జూన్‌లో ఢిల్లీ హైకోర్టులో ఎస్.ఎన్. కుమార్‌కూ, ఓ.ఎన్. వోరాకూ గడువు పొడిగించలేదు. ఈ వోరాయే జిల్లా జడ్జీగా ఉన్నప్పుడు 1979లో ఒక సినిమా ప్రతులు తగలబెట్టిన కేసులో సంజయ్‌గాంధీకి శిక్ష వేసినవాడు. వ్యవహారం సుప్రీంకోర్టుకు పోయింది. 1981 డిసెంబరు 30న మెజారిటీ న్యాయమూర్తులు చివరిమాట ప్రభుత్వానిదేనన్నారు.

జడ్జీలను జడ్జీలే ఎంచుకుంటే ఈ బాధ తీరుతుందని కొందరు నమ్మారు. 1993లో సుప్రీంకోర్టు ఆ అధికారం తీసుకున్నది, కొలీజియం వచ్చింది. 2015 అక్టోబరు 16న నియామకాల కమిషన్ చట్టాన్ని నలుగురు జడ్జీలు కొట్టివేస్తే, అయిదవవాడు, కృష్ణాజిల్లాకు చెందిన చలమేశ్వర్, భిన్నాభిప్రాయం రాశాడు. కొలీజియం పనిలో పారదర్శకత లేదనేది ఆయన ఆక్షేపణ. ఆ మాట నిజం. మంత్రిగారి గదినుంచి జడ్జీలగారి గదికి కుర్చీలు మారాయి; తలుపు మాత్రం మూసే ఉంది. పైగా కొలీజియం పేరు పంపినా ప్రభుత్వం ఫైలుమీద కూర్చోగలదు.

బహిరంగంగా చేస్తే చాలుననుకునేవారు అమెరికాను చూడాలి. అక్కడ సెనేటు అందరిముందూ ప్రశ్నలువేసి ఖాయపరుస్తుంది. 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జడ్జీ స్కాలియా చనిపోతే, అది ఎన్నికల సంవత్సరం కనుక ప్రజలు తేల్చాలంటూ రిపబ్లికన్ సెనేటు గార్లండ్ పేరును విచారణకైనా తీసుకోలేదు. 2020 సెప్టెంబరు 18న గిన్స్‌బర్గ్ చనిపోయింది. అదే సెనేటు అక్టోబరు 26న బారెట్‌ను 52-48 ఓట్లతో ఖాయపరిచింది. ఎన్నికకు అప్పటికి ఎనిమిది రోజులుంది! ఎనిమిది నెలల ముందు పనికిరానిది ఎనిమిది రోజుల ముందు పనికివచ్చింది. సూత్రం మారలేదు, అవసరం మారింది. తలుపు తెరిచి ఉంటే అన్యాయం ఆగిపోదు, కాని ఎవరు చేశారో లోకానికి తెలుస్తుంది.

ఇక్కడ మన మిత్రులు కొందరు ఒక ఆక్షేపణ తెస్తారు. "కోర్టు పాలకవర్గపు పనిముట్టు. దానిమీద ఎవరు కూర్చుంటే ఏమిటి?" అంటారు. ఈ మాటలో సగం నిజం ఉంది. 1967 ఫిబ్రవరి 27న, నాలుగవ సాధారణ ఎన్నికల పోలింగు ముగిసిన వారంలో, గోలక్‌నాథ్ తీర్పు వచ్చింది. ఆస్తిహక్కుతో సహా ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించరాదన్నది. మెజారిటీ తీర్పు రాసిన కోకా సుబ్బారావు మన హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి. ఏప్రిల్‌లో ఆయన రాజీనామా చేసి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీచేశాడు. న్యాయపీఠానికీ ఎన్నికల వేదికకూ మధ్య గోడ ఎంత పలచనో ఇది చెపుతుంది. న్యాయస్థానాలకు వర్గ పక్షపాతం ఉందన్నందుకు ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ కోర్టు ధిక్కార నేరస్తుడయాడు. 1970లో సుప్రీంకోర్టు నేరం నిలబెట్టి జరిమానా యాభై రూపాయలకు తగ్గించింది. ఇంచుమించు అదే మాట 1987లో హైదరాబాదులో కేంద్రమంత్రి శివశంకర్ అన్నాడు. 1988లో అదే కోర్టు ధిక్కారం లేదన్నది. కమ్యూనిస్టు నోట నేరమైనది మంత్రి నోట విమర్శ అయింది.

అయినా మిగతా సగం నిజం కాదు. దేశమంతటా తరిమిన ఆ చిన్నపరెడ్డే 1978లో సుప్రీంకోర్టుకు వెళ్లాడు. జాతీయగీతం వేళ మర్యాదగా నిలబడి, మత విశ్వాసం వల్ల పాడనందుకు కేరళలో ముగ్గురు పిల్లలను బడినుంచి వెళ్లగొడితే, వారిని తిరిగి చేర్చుకోమని 1986లో తీర్పు రాసింది ఆయనే. ఆ గీతాన్ని రవీంద్రుడు 1919లో ఇంగ్లీషులోకి మార్చినది మదనపల్లె థియోసాఫికల్ కళాశాలలో. ఆ గీతం పేర పిల్లలను శిక్షించకుండా కాపాడినవాడు రాయలసీమవాడు కావటం మనకు గర్వకారణం. కాని గర్వపడి ఊరుకుంటే చాలదు. ఎమర్జెన్సీ మరికొంతకాలం సాగి ఉంటే ఆయన ఆ పీఠం చేరేవాడా? జడ్జీలంతా ఒకటే అయితే పాలకులు వారిని ఏరటానికి అంత శ్రమపడేవారు కారు. ఎవరు కూర్చుంటే ఏమిటని అడిగేది మనమే. వారు ఎన్నడూ అడగలేదు.

కనుక మనం కోరవలసినవి స్పష్టమే. అదనపు న్యాయమూర్తిని ఖాయపరిచినా, తిరస్కరించినా, కారణాలు ప్రకటించాలి. బదిలీకీ అంతే. ఎన్నికల ప్రకటన తరవాత హడావిడిగా చేసే నియామకమూ, ఎన్నికల సాకుతో ఆపే నియామకమూ రెండూ ప్రజలముందు సంజాయిషీ చెప్పుకోవాలి. కింది కులాలనుంచీ, పేదవర్గాలనుంచీ, స్త్రీలనుంచీ ఎందరు పీఠమెక్కారో లెక్క చెప్పాలి. ఇవి కోరితే రాజ్యం కూలిపోదు. కాని మూసిన తలుపు కొంచెమైనా తెరుచుకుంటుంది.

ఈ కోరికలు ప్లీడర్ల సంఘాలకు వదిలివేయరాదు. రావిశాస్త్రి మేజిస్ట్రేటు కోర్టులోకి మనను తీసుకుపోయి, అక్కడి మాటలు వినిపించి, భయం పోగొట్టాడు. హైకోర్టు మెట్లు ఎక్కే కథ ఇంకా రావలసి ఉంది. దాన్ని రాసేవాడు నేడు మదనపల్లె కాలేజీలోనో, కుప్పం విశ్వవిద్యాలయంలోనో చదువుతూ ఉండవచ్చు. అతనికి పాఠం చెప్పే అధ్యాపకుడు రాజ్యాంగంలో 224వ అధికరణం కూడా ఒకసారి తీసి చదివించాలి.