టిక్కెట్టు ధర - ఆటగాడి కూలి

మా కళాశాలలో చదివి, ఇప్పుడు అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న నా పూర్వవిద్యార్థి ఒకడు ఈ మధ్య నాకు పెద్ద ఉత్తరం వ్రాశాడు. అతను అద్దెకుంటున్న ఇంటి యజమాని, రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయిన ముసలాయన. ఆ వూరి విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ ఆటలకు ఆయనకు రెండు సీజను టిక్కెట్లు వున్నాయి. చిన్నతనంలో తండ్రి పక్కన కూర్చుని ఆట చూసిన సీట్లే అవి. రానున్న సీజనుకు వాటిని నిలబెట్టుకోవాలంటే ఎంత చెల్లించాలో తెలుపుతూ కాగితం వచ్చింది. ముసలాయన, ఆయన భార్య రెండురోజులు లెక్కలు వేసుకుని, ఒక సీటు వుంచుకుని రెండవది వదులుకున్నారట. “ఆటగాళ్లకు జీతాలివ్వటం మొదలుపెట్టారు, అవి మా నెత్తిన పడ్డాయి” అన్నాడట ఆయన.

ఉత్తరం చివర నా విద్యార్థి ఇలా అడిగాడు: “మాస్టారూ, ఆటగాళ్లు ఇన్నాళ్లకు కూలి సాధించుకున్నారని సంతోషించాలా, ఈ పెద్దాయన సీటు పోయిందని విచారించాలా? ఒకరి కూలి పెరిగితే మరొకరు కొనే వస్తువు ధర పెరగక తప్పదా?”

ఈ ప్రశ్నను నేను మిత్రుల ముందు పెట్టాను. రెండు రకాల జవాబులు వచ్చాయి. రెండూ పొరపాటేనని నా అభిప్రాయం. ఆ పొరపాట్లు అభ్యుదయవాదులమనుకునే మనలోనే పాతుకుని వున్నాయి కనుక, వాటిని కొంచెం వివరంగా పరిశీలించటం అవసరమనుకుంటున్నాను.

ముందుగా విషయం తెలియనివారి కోసం రెండు మాటలు. అమెరికావారు ఫుట్‌బాల్ అనేది మనం ఎరిగిన ఆట కాదు. కోలబంతిని చేతబట్టుకుని, తలకు శిరస్త్రాణం పెట్టుకుని, ఒకరినొకరు ఢీకొని పడగొట్టుకునే ఆట అది. 1869లో రట్గర్స్, ప్రిన్‌స్టన్ కళాశాలల మధ్య జరిగిన పోటీని దానికి ఆరంభంగా చెబుతారు. వృత్తి క్రీడాకారుల జట్లు తరువాత వచ్చాయి. విశ్వవిద్యాలయాల జట్లకున్న అభిమానం మాత్రం నేటికీ తగ్గలేదు. మిషిగన్ విశ్వవిద్యాలయం 1927లో తెరిచిన స్టేడియంలో ఇప్పుడు 1,07,000 మందికి పైగా కూర్చుంటారు. శరదృతువులో శనివారం వచ్చిందంటే చిన్న చిన్న విశ్వవిద్యాలయపు పట్టణాలు తిరునాళ్లలా నిండిపోతాయి.

మొదటి జవాబు ఇచ్చిన మిత్రుడు, “ఇదంతా ప్రజలకు పోసే మత్తుమందు. ధర పెరిగి జనం దూరమైతే మంచిదేగా!” అన్నాడు. ఈ మాట వినటానికి విప్లవాత్మకంగా వుంటుంది గాని, ఇందులో వున్నది ప్రజలపట్ల చిన్నచూపు మాత్రమే. తండ్రి కూర్చున్న చోట కొడుకు కూర్చోవాలనుకోవటం, ఫోర్‌మనూ కూలివాడూ ఒకే బల్లమీద కూర్చుని ఒకే పాట పాడటం మత్తు కాదు. ఆ జీవితంలో సమష్టిగా అనుభవించటానికి మిగిలిన కొద్ది సంతోషాలలో ఒకటి. ప్రజల సంతోషాన్ని అమ్మకపు సరుకుగా మార్చినవారిని విమర్శించాలి గాని, సంతోషపడ్డవారిని కాదు. తిరునాళ్లలో దుకాణదారుడు ధర పెంచితే తిరునాళ్లనే ఎత్తివెయ్యమంటామా?

రెండవ జవాబు మరింత ప్రమాదకరమైనది, ఎందుకంటే అది లెక్కల వేషం వేసుకుని వస్తుంది. కూలి పెరిగింది, అంచేత ధర పెరిగింది అంటుంది. ఇల్లుగల పెద్దాయన అన్నదీ ఇదే. టెనెసీ విశ్వవిద్యాలయం 2024 సెప్టెంబరులో ఈ వాదాన్ని బిల్లుమీదకే ఎక్కించింది. 2025 సీజను టిక్కెట్ల ధరమీద నూటికి 10 చొప్పున ‘టాలెంట్ ఫీ’, అంటే ప్రతిభా రుసుము వసూలు చేస్తామని ప్రకటించింది. ఆ తరువాత 2025 జూన్‌లో ఫెడరల్ కోర్టు ఒక రాజీని ఆమోదించింది. దానిప్రకారం విశ్వవిద్యాలయాలు తమ క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు. మొదటి సంవత్సరానికి ఒక్కొక్క విశ్వవిద్యాలయం చెల్లించగల గరిష్ఠ మొత్తం సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఇంతవరకు ఎవరూ కాదనలేని విషయాలు.

అయితే చరిత్రను కొంచెం వెనక్కు తిప్పి చూద్దాం. 1955లో కొలరాడోలోని ఫోర్ట్ లూయిస్ కళాశాల జట్టులో ఆడుతూ తలకు దెబ్బతగిలి ఒక ఆటగాడు చనిపోయాడు. అతని భార్య కార్మికులకిచ్చే నష్టపరిహారం అడిగితే, 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆమెకు ఆ హక్కు లేదన్నది. ఇటువంటి దావాలకు అడ్డుకట్ట వెయ్యటానికే జాతీయ కళాశాల క్రీడాసంఘం ఆ రోజుల్లో ‘విద్యార్థి క్రీడాకారుడు’ అనే మాటను పుట్టించి ప్రచారంలో పెట్టింది. ఆ సంఘాన్ని దశాబ్దాలు నడిపిన వాల్టర్ బయర్స్ 1995లో వెలువరించిన తన పుస్తకంలో ఈ సంగతి తానే ఒప్పుకున్నాడు. కార్మికుడు అనే మాటను తుడిచివేస్తే కూలి అనే మాట దానంతట అదే తుడిచిపెట్టుకుపోతుంది కదా! ఆ విధంగా సుమారు అరవయ్యేళ్లపాటు ఆటగాడికి దక్కింది చదువు ఖర్చు, బస, భోజనం.

ఆ అరవయ్యేళ్లలో టిక్కెట్టు ధర నిలకడగా వున్నదా? లేదు. అది పెరుగుతూనే వచ్చింది. అంతేకాదు, టిక్కెట్టుకు తోడు మరొక వసూలు కూడా పుట్టింది. మంచి సీటు కొనే అర్హత రావాలంటే ముందు క్రీడాశాఖకు ‘విరాళం’ ఇవ్వాలి. అటుపైన టిక్కెట్టు డబ్బు వేరే. 1988లో అమెరికా కాంగ్రెసు ఒక చట్టం చేసి, ఈ విరాళంలో నూటికి 80 వంతులు దానధర్మంగా లెక్కకట్టి ఆదాయపు పన్నులో మినహాయింపు ఇచ్చింది. 2017లో చేసిన పన్నుల చట్టంతోగాని ఈ మినహాయింపు రద్దు కాలేదు. అంటే దాదాపు ముప్పయ్యేళ్లపాటు ధనికుడి మంచి సీటుకు ప్రభుత్వ ఖజానా కూడా కొంత ముట్టచెప్పింది. మన తెలుగు పాఠకులకు ఇది విడమర్చి చెప్పనక్కరలేదు. మన ప్రైవేటు ఇంజనీరింగు, వైద్య కళాశాలల పుణ్యమా అని ‘సీటుకు డొనేషన్’ అన్న మాటకు అర్థం మనకు బాగా తెలుసు. దాన్ని నిషేధిస్తూ 1983లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టమే చెయ్యవలసి వచ్చింది. ఇవ్వకపోతే సీటు దక్కనిది దానం ఎలా అవుతుంది?

ఇప్పుడు రెండవ మిత్రుణ్ణి నేను అడిగేది ఇది. కూలి లేని కాలంలో కూడా ధర పెరిగిందంటే, ధరకు కారణం కూలి ఎలా అవుతుంది?

ఈ చర్చ కొత్తది కాదు. 1865 జూన్‌లో లండనులో, అంతర్జాతీయ కార్మిక సంఘపు జనరల్ కౌన్సిల్‌లో, వెస్టన్ అనే సభ్యుడు సరిగ్గా ఇదే వాదం తెచ్చాడు. ఆయన యజమానుల మనిషి కాదు, వడ్రంగి, నిజాయితీపరుడు. కూలి పెంచమని పోరాడటం దండగ, పెంచినదంతా యజమానులు ధరల రూపంలో తిరిగి లాగేసుకుంటారు అన్నాడు. దానికి జవాబుగా మార్క్సు ఇచ్చిన ఉపన్యాసమే ‘వేతనం, ధర, లాభం’. అందులో ఒక వాదపు సారాంశం మనకిక్కడ చాలు. ఎక్కువ పుచ్చుకోవాలనే కోరిక యజమానికి ఎప్పుడూ వుంటుంది. కనుక తేల్చవలసింది అతని కోరిక సంగతి కాదు, అతని శక్తి ఎంత, దానికి హద్దు ఎక్కడ అన్నది.

ఈ గజంబద్దతో కొలిచి చూడండి. క్రీడాశాఖకు ధర పెంచే శక్తి ఎక్కడినుంచి వచ్చింది? ఆటగాడి కూలినుంచి కాదు, అభిమాని మమకారంనుంచి. ఒక దుకాణంలో బియ్యం ప్రియమైతే మరో దుకాణానికి పోతాం. నాక్స్‌విల్‌లో పుట్టి టెనెసీ జట్టును ప్రేమించినవాడు, ధర పెరిగిందని అలబామా జట్టును ప్రేమించలేడు. ‘పెట్టుబడి’ మూడవ సంపుటంలో మార్క్సు అరుదైన ద్రాక్షతోటల గురించి వ్రాశాడు. అక్కడ తయారయ్యే సారాయి ధరను నిర్ణయించేది ఖర్చు కాదు, కొనేవారి తహతహ, వారి చెల్లింపు శక్తి అన్నాడు. స్టేడియంలో నడిమి వరుస అటువంటి ద్రాక్షతోట. ఖర్చు పెరిగినా తగ్గినా, మోయగలిగినంత బరువు అభిమాని నెత్తిన పెడుతూనే వుంటారు.

మరి ఆ వచ్చిన డబ్బు ఏమైంది? ఇవి లాభాపేక్ష లేని సంస్థలు, వాటాదార్లు లేరు అని సమర్థకులు గొప్పగా చెప్పుకుంటారు. వాటాదారు లేకపోవచ్చు, వాటాలు వున్నాయి. 2023 నవంబరులో టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం తన ఫుట్‌బాల్ కోచ్‌ను తొలగించింది. ఒప్పందం మధ్యలో తొలగించినందుకు ఆయనకు చెల్లించవలసిన మొత్తం సుమారు 7 కోట్ల 60 లక్షల డాలర్లు! పనిచేసినందుకు కాదు, పనిచెయ్యకుండా ఇంటికి పోయినందుకు. అనేక రాష్ట్రాలలో ప్రభుత్వోద్యోగులందరిలోకి పెద్ద జీతగాడు గవర్నరు కాదు, న్యాయమూర్తి కాదు, విశ్వవిద్యాలయపు కోచ్. ఇటువంటి ఖర్చులకు టిక్కెట్టుమీద విడిగా పేరుపెట్టే ఆచారం లేదు. ‘కోచ్‌ను సాగనంపే రుసుము’ అని ఎవరూ అచ్చువెయ్యరు. ఆటగాడికి నాలుగు డబ్బులు ముట్టేసరికి మాత్రం దానికి ఒక పేరు, ఒక ప్రత్యేకమైన వరుస కావలసివచ్చాయి. ఈ బిల్లును విమర్శకుడి కంటితో చదివితే తెలిసేది ఏమిటి? అది ధరను తెలపటంతో ఆగలేదు, నేరం ఎవరిదో కూడా తెలుపుతున్నది. ఆటగాడిమీద అభిమానికి కోపం రావాలి. వారిద్దరి మధ్య కూర్చున్నవాడు కంటికి కనపడకూడదు.

టెలివిజను సంగతి కూడా చెప్పుకోవాలి. ఆటల ప్రసారంమీద క్రీడాసంఘానికున్న గుత్తాధికారాన్ని 1984లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసింది. అప్పటినుంచి విశ్వవిద్యాలయాల కూటములు తమ ప్రసార హక్కులను తామే అమ్ముకుంటున్నాయి. బిగ్ టెన్ కూటమి 2022లో చేసుకున్న ఏడేళ్ల ఒప్పందం విలువ 700 కోట్ల డాలర్లకు పైమాటే. ఆ డబ్బు టిక్కెట్టు ధర తగ్గించిందా అంటే అదీ లేదు. పైగా ఆట ఏ వేళకు మొదలుకావాలో టెలివిజను కంపెనీ చెబుతుంది. వ్యాపార ప్రకటనలు వస్తున్నంతసేపు ఎండలోనో చలిలోనో ప్రేక్షకుడు ఎదురుచూస్తాడు. 2024లో లాస్ ఏంజలిస్ విశ్వవిద్యాలయాలు, దేశానికి ఆ చివరనున్న న్యూజెర్సీ విశ్వవిద్యాలయమూ ఒకే కూటమి కిందికి వచ్చాయి. ప్రసార మార్కెటు చూసుకున్నారు గాని, తన జట్టు వెంట ప్రయాణం చేసే అభిమాని విమానం ఖర్చు ఎవరూ చూడలేదు. డబ్బిచ్చి స్టేడియంలో కూర్చున్నవాడు ఇంట్లో కూర్చున్నవాడికి చూపించే రంగాలంకరణ అయినాడు. చిన్న విశ్వవిద్యాలయాలలో ఇంకొక విడ్డూరం. ఏనాడూ ఆట చూడని బీద విద్యార్థి దగ్గర కూడా చదువు రుసుముతోపాటు క్రీడా రుసుము వసూలు చేస్తారు.

నా వాదంలో ఒక లోపాన్ని నేనే చూపిస్తాను. 2025 రాజీ తరువాత విశ్వవిద్యాలయాలమీద కొత్త ఖర్చు పడిన మాట నిజం. కొత్తగా పెంచిన డబ్బులో కొంత ఆటగాళ్లకు చేరవచ్చు. ఆ ఆటగాళ్లలో ఎందరో బీద నీగ్రో కుటుంబాల బిడ్డలని పాతకాలంలో వ్రాసేవాళ్లం. నేడు నల్లజాతి కుటుంబాల బిడ్డలంటాం. మాట మర్యాద మారింది గాని, ఎముకలు విరిగేది నేటికీ ఎక్కువగా వారివే. వారికి చేరే ప్రతి డాలరూ న్యాయమైనదే, ఆలస్యంగా వచ్చినదే. నేననేది ఒక్కటే. ఆ డబ్బు కోచ్ జీతంలోంచి, పాలరాతి వ్యాయామశాలలలోంచి, ప్రసారపు ఆదాయంలోంచి రావచ్చు. రైల్వే పెన్షనుమీద బ్రతికే ముసలాయన రెండవ సీటులోంచే రావాలనే ప్రకృతి నియమం ఏదీ లేదు. ఎక్కడినుంచి తియ్యాలన్నది అర్థశాస్త్రం నిర్ణయించలేదు, పెత్తనం నిర్ణయించింది.

పెత్తనానికి ఎదురు నిలవటం అసాధ్యమూ కాదు. 2014లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయపు ఆటగాళ్లు యూనియను పెట్టుకోవటానికి ముందుకు వచ్చారు. 2015లో జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ఆ వ్యవహారం తన పరిధిలోకి తీసుకోనని తప్పుకున్నది. అదే సంవత్సరం నవంబరులో మిస్సోరి విశ్వవిద్యాలయంలో జాతి వివక్షపై విద్యార్థులు పోరాడుతుంటే, నల్లజాతి ఆటగాళ్లు వారి పక్షాన నిలిచి ఆడమని భీష్మించారు. రెండురోజులు తిరగకుండా అధ్యక్షుడు రాజీనామా చేశాడు. ఆటగాడు తన బలం ఎంతో తెలుసుకున్న రోజు అది. అభిమాని కూడా తన బలం తెలుసుకోవాలి. ఒక్కొక్కడు విడివిడిగా బల్ల దగ్గర కూర్చుని ‘వుంచుకోనా, వదులుకోనా’ అని లెక్కవేసుకున్నంతకాలం గెలుపు క్రీడాశాఖదే. ఇవి చాలావరకు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు కనుక లెక్కలు బయటపెట్టమని, సీటు విరాళానికి హద్దు కట్టమని, విద్యార్థులకూ పెన్షనుదార్లకూ కొన్ని వరుసలు చవుకగా కేటాయించమని కలిసి అడగవచ్చు. ఆ పక్కనే ఆటగాడి యూనియను హక్కునూ అడగవచ్చు. ఈ కోరికలు ఒకదానికొకటి అడ్డం కావు.

నా విద్యార్థికి ఈ మాటలే జవాబుగా వ్రాశాను. సంతోషించాలా, విచారించాలా అన్నావు. రెండూ చెయ్యి నాయనా, కాని ఒకదానికి రెండవది కారణమని నమ్మకు అన్నాను. పోయినవారం మళ్లీ ఉత్తరం వచ్చింది. దాన్ని ముసలాయనకు ఇంగ్లీషులో చదివి వినిపించాడట. ఆయన చాలాసేపు మాట్లాడలేదట. తరువాత, “మా వర్క్‌షాపులో కూడా చార్జీలు పెంచినప్పుడల్లా మా యూనియను పేరే చెప్పేవారు” అన్నాడట.