రోహిణి కార్తెలో ఓవర్‌క్లాకింగ్

ఈ వారం ఆత్మకూరులో ఒక రిపేరు షాపులో విన్న మాట నాకు బొత్తిగా నచ్చలేదు. ఇంజనీరింగ్ చదివే కుర్రాడి కంప్యూటర్ ఆగిపోయింది. "ఓవర్‌క్లాక్ చేసుంటాడన్నా, ప్రాసెసర్ కాలిపోయుంటది" అని మూత తీయకముందే తేల్చేశాడు మెకానిక్. తండ్రి అక్కడే కొడుకును దులిపేశాడు. తీరా మూత తీస్తే పోయింది కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్. ఫ్యాను రెక్కలకు దుమ్ము అట్టకట్టింది. మదర్‌బోర్డు మీద రెండు కెపాసిటర్లు నెత్తిన ఉబ్బి ఉన్నాయి.

నేనెప్పుడూ పాడే పాటే ఇది: మన ఊళ్లలో కంప్యూటర్ల ఉసురు తీసేవి దుమ్ము, వేడి, నిలకడలేని కరెంటు.

ఓవర్‌క్లాకింగ్, అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన స్పీడును మించి నడపడం, అనగానే నాకు సెలెరాన్ 300ఏ గుర్తొస్తుంది. 1998లో ఇంటెల్ తెచ్చిన చౌక చిప్పు. దాని వేగం 300 మెగాహెర్ట్జ్. మదర్‌బోర్డులో బస్ స్పీడు (ప్రాసెసర్ మిగతా భాగాలతో మాట్లాడే దారి వేగం) 66 నుంచి 100కు మారిస్తే చాలా చిప్పులు 450 అందుకునేవి. పెళ్లిళ్ల సీజన్‌లో డీటీపీ సెంటర్ల వాళ్లకు అది వరం. ఫొటోషాప్‌లో ఒక ఫిల్టర్ వేసి టీ తాగొచ్చేంత తీరిక ఉండే కాలం మరి. శుభలేఖలు, కరపత్రాలు, ఎన్నికల పోస్టర్లు అన్నీ 450 మీదే నడిచాయి. క్యాష్ మెమరీ ప్రాసెసర్ చిప్పులోనే ఉండటం దానికి కలిసొచ్చింది. వోల్టేజీ ముట్టుకోకుండానే అంత వేగం దక్కిన చిప్పులు కోకొల్లలు.

అసలు కిటుకు ఆ వోల్టేజీలోనే ఉంది. వేగం పది శాతం పెంచితే చిప్పు తినే కరెంటు సుమారు పది శాతమే పెరుగుతుంది. వోల్టేజీ ప్రభావం మాత్రం వర్గం (స్క్వేర్) లెక్కన ఉంటుంది. 1.2 వోల్టులను 1.35 చేసి, వేగం కూడా పది శాతం పెంచితే వేడి దాదాపు 40 శాతం ఎక్కువవుతుంది. విద్యుత్ ప్రవాహం ధాటికి చిప్పు లోపలి సన్నటి తీగల్లో లోహపు అణువులు మెల్లగా జరిగిపోతాయి. వేడి ఆ అరుగుదలను తొందర చేస్తుంది. 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఓవర్‌క్లాక్ చేయనివాళ్ల ఇళ్లలో కూడా దెబ్బతిన్నాయి. అదుపు తప్పిన వోల్టేజీయే మూలమని తేలాక కంపెనీ మైక్రోకోడ్ సవరించి, వారంటీని రెండేళ్లు పొడిగించింది.

అయితే ఆ కుర్రాణ్ని స్పీడు పెంచుకోమంటానా? అనను. సెలెరాన్‌లో మిగిలిన సత్తువ ఇప్పటి చిప్పుల్లో మిగలడం లేదు, టర్బో పేరుతో అవే పిండేసుకుంటున్నాయి. పైగా గది పది డిగ్రీలు వేడెక్కితే చిప్పు కూడా ఇంచుమించు అంతే వేడెక్కుతుంది. వంద డిగ్రీల దగ్గర ప్రాసెసర్ తనంతట తాను వేగం తగ్గించుకుని బతికిపోతుంది. పక్కనున్న కెపాసిటర్లకు ఆ తెలివి లేదు. పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్ వాళ్ల లెక్క.

మన ఎండల్లో పనికొచ్చే విద్య అండర్‌వోల్టింగ్. వేగం అలాగే ఉంచి, మెషిన్ తడబడనంత మేరకు వోల్టేజీని కొద్దికొద్దిగా తగ్గించుకోవడం. పిల్లలకు ఓపిగ్గా అది నేర్పండి. వాళ్ల ప్రయోగాన్ని తప్పుపట్టే ముందు ఫ్యానుకు పట్టిన దుమ్ము దులపండి.